బండి మనది, రేటు ఎవరిది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పాడేరు ఏజెన్సీ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో కూర్చున్న మా హాస్టల్ పిల్లలకు, విశాఖపట్నం నుంచి సెలవు పెట్టుకొని వచ్చి వెనక నిలబడిన మా పాత పిల్లలకు ఆశీస్సులు. సెలవు అన్న మాట సరికాదేమో. మీలో కొందరికి సెలవు అనేదే లేదు. ఫోనులో యాప్ ఆపేసి, ఈ రోజు సంపాదన వదులుకొని వచ్చారు. ఆ సంగతి మాకు తెలుసు. అందుకే మీ సమయం వృథా కాకుండా మాట్లాడాలని అనుకుంటున్నాం.

పెద్దలు మాకు ఇచ్చిన అంశం గిగ్ ఎకానమీలో ఫ్రీలాన్సింగ్‌కి, సొంత వ్యాపారానికి తేడా ఏమిటన్నది. మేము హాస్టల్ వార్డెన్లం. పాఠం చెప్పడానికి బి.ఇడి. చదివి, ఇప్పుడు పాఠాలతో పాటు బియ్యం, కందిపప్పు, కోడిగుడ్ల లెక్కలు కూడా రాస్తున్న వాళ్లం. వ్యాపార నిపుణులం కాము. అయినా ఈ అంశం మాది కాదని చెప్పలేదు. హాస్టల్ వదిలి వెళ్లిన పిల్లలు ఫోన్ చేసి ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే: "మేడమ్, పట్నంలో డెలివరీ పనికి పోనా? కంప్యూటర్ పని నేర్చుకొని ఇంటి దగ్గరే చేసుకోనా? ఊళ్లో ఏదైనా సొంతంగా పెట్టనా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన మాటలనే ఈ రోజు అందరికీ కలిపి చెబుతున్నాం.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వచ్చింది? మా తరానికి దారి ఒకటే కనిపించేది. పదో తరగతి, ఇంటర్, టీచర్ ట్రైనింగ్, ఆపైన ఏజెన్సీలో టీచరు ఉద్యోగం. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ఆ హక్కు కోసం మన సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, అడగాలి కూడా. కానీ అది వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. డిగ్రీ, ఐ.టి.ఐ. పూర్తి చేసిన పిల్లలు ఖాళీగా కూర్చోలేక పట్నం బస్సు ఎక్కుతున్నారు. మన దగ్గరే కాదు, దేశమంతా ఇదే పరిస్థితి. 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ పనుల్లో ఉన్నారని, 2029-30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరవచ్చని నీతి ఆయోగ్ 2022లో లెక్క వేసింది. ఆ కోట్లలో మన పిల్లలూ ఉంటారు. ఉండకూడదని మేము అనడం లేదు. ఎక్కడ నిలబడి ఉంటారన్నదే మా ఆలోచన.

కొత్త పేరు, పాత పని

గిగ్ అన్నది మొదట సంగీతం వాయించేవాళ్ల మాట. ఒక రాత్రి వాయించడానికి ఒప్పుకున్న కచేరీని గిగ్ అనేవారు. అయిపోగానే డబ్బు తీసుకొని వెళ్లిపోవడమే. మళ్లీ పిలిస్తే మళ్లీ పని. ఈ మాట వింటే మనకు మన థింసా బృందాలు గుర్తుకు రావాలి. అరకులో పర్యాటకుల ముందు, మంత్రిగారు వచ్చిన సభలో, పట్నంలో ఉత్సవంలో మోరి, కిరిడి, తుడుము వాయిస్తూ మనవాళ్లు ఆడతారు. ఆ పూటకు ఇంత అని ఇస్తారు. అంటే గిగ్ పని మనకు కొత్తది కాదు.

మిగతా రెండు మాటలూ అంతే. మన ఊళ్లలో పని మూడు రకాలు. ఒకటి కూలి: ఎంత ఇవ్వాలో పిలిచినవాళ్లే చెబుతారు. రెండోది గుత్త: ఈ గట్టు వేస్తే ఇంత, ఈ ఇంటికి పెంకు నేస్తే ఇంత అని మనమే మాట్లాడుకొని ఒప్పుకుంటాం. మూడోది సొంత సేద్యం: విత్తనం మనది, కష్టం మనది, పండితే మనదే, ఎండితే మనదే. ఫ్రీలాన్సింగ్ అంటే గుత్త పని. ఆంట్రప్రెన్యూర్‌షిప్ అంటే సొంత సేద్యం. పట్నంలో యాప్ మీద చేసే డెలివరీ, బైక్ టాక్సీ పనిని కూడా కొందరు ఫ్రీలాన్సింగ్ అంటున్నారు. అక్కడే మనం జాగ్రత్తగా చూడాలి. ఫ్రీలాన్సర్ తన రేటు తాను చెబుతాడు. యాప్ పనిలో రేటు యాప్ చెబుతుంది. బండి మనది, పెట్రోలు మనది, ఫోను మనది, వానలో తడిసే ఒళ్లు మనది. రేటు మాత్రం మనది కాదు. పేరుకు స్వతంత్రం, లెక్కకు కూలి. మామూలు కూలికి పోతే గునపం యజమానే ఇస్తాడు. ఇక్కడ గునపం కూడా మనమే కొనుక్కోవాలి.

లెక్క వేసి చూద్దాం

మన పిల్లల్లో ఒకరు ఫోనులో చెప్పిన లెక్కను కొంచెం సర్ది మీ ముందు పెడుతున్నాం. పట్నంలో రోజుకు 11 గంటలు తిరిగితే చేతికి 900 వస్తుంది అనుకుందాం. పెట్రోలుకు 250 పోతే 650 మిగులుతుంది. నెలకు 26 రోజులు తిరిగితే 16,900. అందులో బండి వాయిదా 3,500, బండి రిపేర్లు 1,000, ఫోను రీచార్జి 300 తీసేయండి. 12,100 మిగిలింది. తిరిగిన గంటలు 286. భాగిస్తే గంటకు 42 రూపాయలు. ఆ 12,100లోంచే గది అద్దె, తిండి, ఇంటికి పంపేది అన్నీ రావాలి.

చేతికి 900 వచ్చిన రోజున, రోజుకు 900 సంపాదిస్తున్నామని మనం ఊళ్లో చెప్పుకుంటాం. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. పని మానేయమని చెప్పడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఆరు నెలలు, ఏడాది చేసి నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికి, పట్నం దారులు తెలుసుకోవడానికి ఆ పని పనికివస్తుంది. ఏ పనీ చిన్నది కాదు. అయితే ఆ పనిలో పదో ఏడాది రేటు కూడా మొదటి ఏడాది రేటు లాగే ఉంటుంది. మనకు అనుభవం పెరిగినంత మాత్రాన యాప్ ఎక్కువ ఇవ్వదు. కాబట్టి అది ఆగి ఊపిరి పీల్చుకునే చోటు కావాలి గానీ ఇల్లు కట్టుకునే చోటు కాకూడదు.

ఇప్పుడు అసలైన ఫ్రీలాన్సింగ్ చూద్దాం. కంప్యూటర్ మీద ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు తయారు చేయడం, వీడియోలు ఎడిట్ చేయడం, అకౌంట్లు రాయడం, ఫొటోలు తీయడం, ఇళ్లకు కరెంటు పని చేయడం, వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి వచ్చేవాళ్లకు గైడుగా వెళ్లడం, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. మన భాషలు తెలియడం కూడా ఒక నైపుణ్యమే. కువి, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడగలిగి, తెలుగు చక్కగా రాయగలిగినవాళ్లు ఊరికి వచ్చే సర్వేలకు, ఆరోగ్య ప్రచారానికి, పాఠాల అనువాదానికి కావాలి. ఆ పనికి బయటినుంచి ఎవరినీ తేలేరు. తేలేనిదానికి ధర ఉంటుంది. మనమే ఆ ధర అడగడం లేదు.

ధర ఎలా అడగాలి? ఒక చెల్లి ఇంటి దగ్గర డిజైన్ పని చేస్తోంది అనుకుందాం. ఆమెకు నెలకు 12,000 మిగలాలి. కంప్యూటర్‌కి 40,000 పెట్టింది, అది నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు సుమారు 830. ఇంటర్నెట్ 700. కరెంటు, ఇతర ఖర్చులు 500. మొత్తం 14,000 రావాలి. నెలకు 25 రోజులు పని చేసినా, రోజంతా డబ్బు వచ్చే పని ఉండదు. పని వెతకడం, ఫోన్లు మాట్లాడటం, కరెంటు పోయి కూర్చోవడం, సిగ్నల్ కోసం గట్టు ఎక్కడం పోగా రోజుకు నాలుగు గంటలు డబ్బు వచ్చే పని దొరికితే గొప్ప. అంటే నెలకు 100 గంటలు. 14,000ను 100తో భాగిస్తే గంటకు 140. రెండు గంటలు పట్టే ఫ్లెక్సీకి 280 అడగాలి. ఎవరో వచ్చి "వంద తీసుకో, రేపు చాలా పని ఇస్తాం" అంటే ఆ మాట వెనక 180 రూపాయల నష్టం ఉంది. రేపు ఇచ్చే చాలా పని కూడా ఆ నష్టం రేటుకే ఇస్తారు.

ఫ్రీలాన్సింగ్‌లో పెట్టుబడి తక్కువ, నష్టం వచ్చినా తేరుకోవచ్చు. అనుభవం పెరిగేకొద్దీ రేటు పెంచుకోవచ్చు. కానీ చేతులు రెండే. ఒళ్లు బాగాలేక నెల రోజులు మంచం ఎక్కితే ఆ నెల రాబడి సున్న. పని చేయించుకొని డబ్బు ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు. అందుకే పని మొదలుపెట్టే ముందు సగం అడ్వాన్సు తీసుకోండి. ఏ పని, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తాం, ఎంత డబ్బు, ఎప్పటికి, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాసి, అవతలివాళ్లతో "సరే" అనిపించుకోండి. నోటి మాట మీద పని చేయడం మన అలవాటు. ఊళ్లో ఆ అలవాటు మంచిది, ఎందుకంటే మాట తప్పితే పెద్దలు నలుగురూ అడుగుతారు. మొహం తెలియనివాళ్లతో పని చేసేటప్పుడు అడిగే ఆ నలుగురు ఉండరు. రాత ఉండాలి.

ఇంకొక మాట. ఇంటి దగ్గర డేటా ఎంట్రీ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్‌కి 2,000 కట్టండి అని మెసేజ్‌లు వస్తుంటాయి. పని ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. అడిగారంటే అది మోసమే. ఒకవేళ ఎవరైనా కట్టి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సొంత సేద్యం లాంటి వ్యాపారం

ఇక సొంత వ్యాపారం. మనకు తెలిసిన కాఫీనే తీసుకుందాం. కాఫీ పండు కోసి అలాగే అమ్మితే ఒక ధర. పల్పింగ్ చేసి, కడిగి, ఎండబెట్టి అమ్మితే ఇంకో ధర. వేయించి, పొడి చేసి, ప్యాకెట్ మీద పేరు వేసి అమ్మితే మరో ధర. పైకి వెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది. దానితో పాటు పెట్టుబడి, నష్టభయం కూడా పెరుగుతాయి. చాలామంది మొదటిది చెబుతారు, రెండోది చెప్పరు.

శుభ్రం చేసిన కాఫీ గింజలు 100 కిలోలు, కిలో 400 లెక్కన కొన్నాం అనుకుందాం. 40,000 అయింది. వేయించడం, పొడి కొట్టించడం, ప్యాకెట్లు, లేబుళ్లు, రవాణా అన్నీ కలిపి 20,000. మొత్తం 60,000. వేయిస్తే గింజ బరువు తగ్గుతుంది. 100 కిలోలకు 84 కిలోల పొడి వచ్చిందనుకుందాం. కిలో 900కి అమ్మితే 75,600. లాభం 15,600. బాగానే ఉంది. ఇప్పుడు అందులో 20 కిలోలు అరువు ఇచ్చాం, ఆ డబ్బు రాలేదు. 18,000 పోయింది. లాభం మొత్తం పోగా, పైన 2,400 చేతి నుంచి పడింది. వ్యాపారం మునిగింది కాఫీ బాగోలేక కాదు, అరువు వల్ల.

మన సమాజంలో ఈ అరువు సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. మామ అడుగుతాడు, బావ అడుగుతాడు, పిన్ని అడుగుతుంది. కాదంటే బంధుత్వం చెడుతుంది. ఒకరికొకరు పెట్టుకొని బతికిన జాతి మనది. పంట వస్తే అందరికీ పంచి తిన్నాం. ఆ గుణం పోవాలని మేము చెప్పం. కానీ వ్యాపారం డబ్బును, ఇంటి డబ్బును వేరు చేయాలి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. మీకు మీరే నెలకు ఇంత అని జీతం తీసుకోండి. మామకు కాఫీ ఇవ్వాలనిపిస్తే మీ జీతంలోంచి కొని ఇవ్వండి. అప్పుడు బంధుత్వమూ ఉంటుంది, వ్యాపారమూ ఉంటుంది.

కాలం సంగతి కూడా చూడాలి. లంబసింగి, వంజంగి దగ్గర టెంట్లు వేసి పర్యాటకులకు ఇచ్చే పని మన కుర్రాళ్లు చేస్తున్నారు. మంచు కురిసే నెలల్లో ఊపిరాడనంత పని. ఎండాకాలం వస్తే జనం ఉండరు. మూడు నెలల రాబడిని పన్నెండు నెలలకు పంచుకోవడం తెలియకపోతే ఆ వ్యాపారం నిలబడదు. కోతల్లో వచ్చిన గింజల్ని వానాకాలం దాకా దాచుకోవడం మన అమ్మలకు తెలుసు. ఇదీ అదే లెక్క.

పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? మనకు భూమి ఉన్నా, 1/70 చట్టం వల్ల ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. ఆ చట్టం మన కాళ్ల కింద నేలను కాపాడుతున్న చట్టం, దాన్ని ఎవరు ఏమన్నా వదులుకోకూడదు. అయితే ఈ కారణంగా మన భూమి తాకట్టు మీద పెద్ద అప్పులు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. కాబట్టి తాకట్టు అడగని అప్పుల గురించి తెలుసుకోవాలి. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు అనే మొదటి మెట్టులో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు తాకట్టు లేకుండా అప్పు తీసుకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ పోర్టల్‌లో ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. తినే వస్తువు అమ్మితే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తుంచుకోండి, ముద్ర అప్పే, సబ్సిడీ కాదు. తిరిగి కట్టాలి. కట్టకపోతే తర్వాత ఇల్లు కట్టుకోవడానికి కూడా బ్యాంకు మొహం చూడదు.

పేరు మనది, గల్లాపెట్టె ఎవరిది?

ఇప్పుడు చెప్పబోయే మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. మన ఏజెన్సీలో వ్యాపారం చేయాలనుకునే బయటివాళ్లు మన పిల్లల దగ్గరకు వచ్చి, "తమ్ముడూ, నీ పేరు మీద పెడదాం, డబ్బు అంతా మాది, నీకు నెలకు 10,000 ఇస్తాం, సంతకం పెట్టు చాలు" అంటున్నారు. ఊళ్లో ఆ తమ్ముడిని అందరూ ఓనరు అంటారు. బోర్డు మీద అతని పేరు ఉంటుంది. గల్లాపెట్టె తాళం మాత్రం వేరొకరి నడుముకు ఉంటుంది.

ఇది బినామీ. మన చట్టాన్ని మన చేతే తప్పించే పని. రేపు అప్పు ఎగ్గొడితే నోటీసు మన పేరు మీద వస్తుంది, పన్ను కట్టకపోతే మన పేరు మీద వస్తుంది, ఏదైనా ప్రమాదం జరిగితే కేసు మన పేరు మీద పడుతుంది. లాభం మాత్రం ఘాట్ రోడ్డు దిగి వెళ్లిపోతుంది. నెలకు 10,000 కోసం అమ్మినది సంతకం కాదు, మనకు రాబోయే మన పిల్లల చోటు. ఇలాంటి ఓనరు కంటే నిజాయితీగా డెలివరీ బండి నడిపే కుర్రాడు మెరుగు. అతని బండి కనీసం అతనిదే.

చూశారా, పట్నంలో బండి మనది, రేటు వేరొకరిది. ఇక్కడ పేరు మనది, గల్లాపెట్టె వేరొకరిది. ఒకదాన్ని ఫ్రీలాన్సింగ్ అన్నారు, ఇంకోదాన్ని ఓనర్‌షిప్ అన్నారు. రెండూ ఒకే మోసానికి రెండు పేర్లు. సంతలో మన చింతపండుకు, మన తేనెకు షావుకారు తానే తూకం వేసి తానే ధర చెప్పిన రోజులు మన తాతలు చూశారు. కాటా మారింది. ధర చెప్పే నోరు మారలేదు.

కాబట్టి ఏ పని ముందుకు వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రేటు ఎవరు చెబుతున్నారు? కొనేవాళ్లకు తెలిసిన పేరు ఎవరిది? నెల రోజులు మనం లేకపోతే ఏమవుతుంది? నష్టం వస్తే ఎవరి మీద పడుతుంది? యాప్ పనిలో రేటు మనది కాదు, పేరు మనది కాదు, నెల రోజులు లేకపోతే ఏమీ రాదు, నష్టం మాత్రం మనదే. ఫ్రీలాన్సింగ్‌లో రేటు మనది, పేరు మనది, మనం లేకపోతే రాబడి ఆగుతుంది, నష్టం వచ్చినా చిన్నదే. సొంత వ్యాపారంలో రేటు మనది, పేరు మనది, సరిగా కట్టుకుంటే మనం నెల రోజులు లేకపోయినా నడుస్తుంది, నష్టం వస్తే పెద్దది వస్తుంది. ఏది గొప్పది అని కాదు. ఈ రోజు మీరు ఎంత నష్టం మోయగలరో దాన్ని బట్టి ఎంచుకోండి.

కలిసి చేసే దారి

ఒక్కరే మోయలేనిదాన్ని పదిమంది మోయడం మనకు కొత్త కాదు. సంతలో దళారుల నుంచి గిరిజనులను కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థ, మన జి.సి.సి., విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. అరకు ప్రాంత కాఫీ రైతులు సహకార సంఘంగా ఏర్పడి పండించిన కాఫీ పారిస్‌లో దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరును ఎవరు పడితే వారు వాడుకోవడానికి వీల్లేదు. పేరుకు ఎంత విలువ ఉందో ఆలోచించండి. అదే గింజ, అదే కొండ. పేరు తెలిసినప్పుడు ధర వేరు.

2018లో మొదలైన వన్ ధన్ పథకంలో 15 స్వయం సహాయక సంఘాలు కలిసి, సుమారు 300 మంది ఒక కేంద్రంగా ఏర్పడి అటవీ ఫలసాయాన్ని శుభ్రం చేసి, ప్యాక్ చేసి అమ్ముకోవచ్చు. మీ ఊరి సంఘంలో మీ అమ్మ సభ్యురాలై ఉంటుంది. చింతపండు గింజ తీయడం ఆమెకు తెలుసు. లేబుల్ తయారు చేయడం, ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకోవడం, లెక్క రాయడం మీకు తెలుసు. డిజైన్ చేసే చెల్లి, బండి ఉన్న తమ్ముడు, లెక్కలు వచ్చిన అక్క, ముగ్గురు ఫ్రీలాన్సర్లు ఒక చోట కూర్చుంటే అది ఒక సంస్థ అవుతుంది. ఫ్రీలాన్సింగ్‌కి, వ్యాపారానికి మధ్య గోడ లేదు, గడప ఉంది. మీ రెండు చేతులకు మించిన పని వరుసగా ఆరు నెలలు వస్తే ఆ గడప దాటే సమయం వచ్చిందని అర్థం. పని రాకముందే అప్పు చేసి దాటకండి.

కాగితాల మాట

కొన్ని కాగితాలు ఈ వారంలోనే చూసుకోండి. సామాజిక భద్రతా కోడ్ 2020లో వచ్చి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దేశ చట్టంలో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అన్న మాటలకు నిర్వచనం ఇచ్చింది అదే. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, అయితే కార్మికులకు చెల్లించేదానిలో 5 శాతానికి మించకుండా, వాళ్ల సంక్షేమ నిధికి ఇవ్వాలని అందులో ఉంది. చట్టంలో ఉన్నది చేతికి రావాలంటే ముందు మన పేరు లెక్కలో ఉండాలి. అందుకని యాప్ పని చేసే ప్రతి ఒక్కరూ ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోండి. ఆ 12 అంకెల నంబరు ఫోనులో దాచుకోండి, కాగితం మీద రాసి ఇంట్లోనూ పెట్టండి.

రెండోది, ఎస్టీలకు ఆదాయపు పన్ను లేదు అని మనలో ఒక మాట తిరుగుతోంది. ఆ మినహాయింపు కొన్ని ఈశాన్య రాష్ట్రాలు, లద్దాఖ్, ఆరో షెడ్యూలు ప్రాంతాల్లో నివసించే గిరిజనులకు ఉంది. మనం ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాం, మనకు వర్తించదు. సంపాదన పెరిగితే అందరిలాగే రిటర్ను వేయాలి. దానికి భయపడకండి. రిటర్ను వేసిన కాగితమే రేపు బ్యాంకులో మీ సంపాదనకు సాక్ష్యం చెబుతుంది.

మూడోది ఆడపిల్లలకు. చెల్లెళ్లూ, సంపాదన మీదైతే ఖాతా మీ పేరు మీద ఉండాలి, ఆ ఖాతాకు కలిపిన ఫోను నంబరు మీ చేతిలో ఉండాలి. అన్న ఫోను, నాన్న ఖాతా అంటే రేటు మీరు చెప్పినా డబ్బు మీది కాదు. పెళ్లి మాటలు వచ్చినప్పుడు నీ పని మానేస్తావా అని అడుగుతారు. మానను అని అప్పుడే చెప్పండి. తర్వాత చెప్పడం కష్టం.

చివరగా ఒక పని చెప్పి ముగిస్తాం. టీచర్లం కదా, హోంవర్క్ ఇవ్వకుండా వదలం. ఈ రాత్రి ఒక నోటుబుక్కు తీసుకోండి. గత నెలలో ఎన్ని గంటలు పని చేశారో, చేతికి ఎంత వచ్చిందో, పనికోసం ఎంత ఖర్చయిందో రాసి, భాగించి, మీ గంట విలువ ఎంతో చూసుకోండి. చదువుకుంటున్న పిల్లలు అమ్మ నాన్నలతో కూర్చొని కాఫీకో, పసుపుకో, కొండచీపుర్లకో అదే లెక్క వేయండి. ఆ అంకె చిన్నదిగా కనిపిస్తే బాధపడకండి. అది మీ విలువ కాదు, ఇన్నాళ్లూ వేరొకరు చెప్పిన రేటు. తర్వాతి రేటు మీరు చెప్పాలి. చెప్పేముందు గొంతు వణికితే మా హాస్టల్‌కు రండి. మా దగ్గర కూర్చొని నాలుగుసార్లు చెప్పి చూసుకొని, అప్పుడు వెళ్లి చెప్పండి.

జోహార్.